తాళం తీసిన మాట

మా చిన్నమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఓర్వకల్లులో బస్సు దిగి ఆఫీసు వైపు నడుస్తున్నాను. అమ్మ ఏడవలేదు. "పొద్దున్నే కాఫీ తాగి వాకిట్లో కుర్చీ వేసుకోని కూచున్యాదంట. పిలిస్తే పలకలేదంట. తొందరగా కోడుమూరికి రా పాపా," అని పెట్టేసింది. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. నేను వెనక్కి తిరిగి కోడుమూరు బస్సు పట్టుకోవాల్సింది పోయి, ఆఫీసుకే నడిచాను. లోపలికి వెళ్లి చిన్నమ్మ బల్ల ముందు నిలబడ్డాక, ఇక్కడికెందుకు వచ్చానా అని ఆలోచించాను. ఏ పెద్ద విషయమైనా ముందు ఆమెకు చెప్పడం నాకు అలవాటు. ఇది కూడా ఆమెకే చెప్పడానికి వచ్చానని అర్థమయ్యాక ఏడుపొచ్చింది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. కంప్యూటర్ల లోపల అన్నిటికంటే అడుగున ఉండి మిగతా అందరికీ పని పంచే కెర్నల్ అనే భాగాన్ని రాసే, బాగుచేసే ఇంజనీరు. చాలా ఏళ్లు బెంగళూరులో ఉద్యోగం చేసింది. ఆ రోజుల్లో మా అవ్వ కోడుమూరు చర్చి ముందు నిలబడి, "మా చిన్నది కెర్నల్లో పని చేస్తాంది" అని గొప్పగా చెప్పుకునేది. విన్నవాళ్లకు అది కర్నూలు అనే వినబడేది. "ఇంత దగ్గర పెట్టుకోని పండక్కన్నా రాదేమి ఆయమ్మి?" అని చిన్నమ్మ మీద కోపాలు పెంచుకునేవాళ్లు. ఆ నింద పోగొట్టుకోవడానికే నిజంగా కర్నూలు పక్కకు వచ్చేశానని ఆమె నవ్వేది. అసలు కారణం వేరే. బెంగళూరులో తాను బాగుచేసిన యంత్రాన్ని ఎవరు వాడుతున్నారో, ఏ దేశంలో ఉందో తెలిసేది కాదట. వాడే మనిషి ముఖం ఒక్కసారైనా చూడాలని ఓర్వకల్లు రాళ్లగుట్టల పక్కన ఒక షెడ్డు అద్దెకు తీసుకుంది. నేను అక్కడే ఆమె దగ్గర పనిలో చేరాను.

చేరిన రోజే హెచ్చరించింది. "ఇంట్లో చిన్నమ్మను. ఈడ మేడమ్‌ను. గుర్తుపెట్టుకో." మధ్యాహ్నం అన్నాల వేళకే మర్చిపోయాను. వారం తిరిగేసరికి ఆఫీసంతా చిన్నమ్మే. ఆమెకంటే వయసులో పెద్దవాడైన ఎలక్ట్రీషియను కూడా "చిన్నమ్మా, ఫ్యూజు పోయింది" అనేవాడు. ఆమె కాసేపు నావైపు ఉరిమి చూసి, తర్వాత ఊరుకుంది.

కెర్నల్ అంటే ఏమిటని చర్చిలో ఆడవాళ్లు అడిగితే ఆమె చెప్పే జవాబు నాకు నోటికొచ్చు. "యంత్రంలో శానామంది పనోళ్లుంటారు. అందరికీ కావల్సింది ఒకటే కుండ. ఇద్దరు ఒకేసారి చెయ్యి పెట్టకుండా చూసే పెద్దమనిషే కెర్నలు. అప్పుడప్పుడు ఆ పెద్దమనిషి కన్నే చెదుర్తాది. అది కనిపెట్టేది నా పని."

ఆ కన్ను చెదరడాన్ని మా పనిలో రేస్ కండిషన్ అంటారు. చిన్నమ్మ మాత్రం 'సందు' అనేది. ఒకడు కుండలోకి తొంగిచూస్తాడు. ఖాళీగా ఉందనుకుని మూత పెట్టబోతాడు. చూడ్డానికీ మూత పెట్టడానికీ మధ్య రెప్పపాటు సందు ఉంటుంది. ఆ సందులో ఇంకొకడొచ్చి కుండలో ఏదో వేసి పోతాడు. మొదటివాడు ఖాళీ కుండేననుకుని మూత పెట్టేస్తాడు. విడివిడిగా చూస్తే ఇద్దరి పనీ సరైనదే. కలిపి చూస్తేనే ముంచుతుంది. రోజుల తరబడి ఏమీ కాదు, ఎప్పుడో ఒకసారి ఇద్దరి కాళ్లూ ఆ సందులో ఒకేసారి పడతాయి. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. "ఎప్పుడో ఒకసారి వస్తోంది, పెద్ద విషయం కాదులే" అని ఎవరైనా అంటే చిన్నమ్మకు ఒళ్లు మండేది. "ఎప్పుడో ఒకసారి జరిగేది ఎప్పుడూ జరిగేదే. మనం లేనప్పుడు జరుగుతాంటాది, అంతే."

ఆమెతో పనిచేయడం సుఖమేమీ కాదు, చెప్పాలి కదా. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పుకుని, బజ్జీ కొరుకుతూ, తెర మీద కోడు చదువుతూ కూర్చుంటే పలకరించకూడదు. ఆలోచన గట్టిగా పట్టుకుంటే ఫ్యాను ఆపమనేది. ఎండాకాలం కర్నూలు జిల్లాలో ఫ్యాను ఆపమనే మనిషిని భరించాలంటే ఎంత ప్రేమ ఉండాలో ఇక్కడ పుట్టినవాళ్లకే తెలుసు. బాగా చేశావని మెచ్చుకున్నది నాకైతే గుర్తులేదు. బాగుంటే "ఊఁ" అనేది. ఆ "ఊఁ" కోసం మేమంతా పడి చచ్చేవాళ్లం.

ఇక నేను చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. ఆమె గురించి ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను.

మా కంపెనీ చేసేది ఒక చిన్న పెట్టె. గనుల్లో రాయి మోసే పెద్ద బండ్లలో డ్రైవరు ముందు బిగిస్తారు. బండి వెనక మనిషో ఇంకో బండో ఉంటే, వెనకవైపు బిగించిన సెన్సరు పసిగడుతుంది, పెట్టె కూస్తుంది. ఎవరూ లేకపోతే ఊరుకుంటుంది. కూత మరీ విసుగనిపిస్తే ఆపుకోవడానికి ఒక బటన్ కూడా ఉంది. మంగంపేట ముగ్గురాయి గనుల్లో ఒక గుత్తేదారు తన బండ్లలో ఈ పెట్టెలు పెట్టించాడు.

ఒకరోజు అక్కడ బండి వెనక్కి వస్తూ ఒక కూలీని గుద్దింది. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది. పెట్టె కూయలేదని డ్రైవరు చెప్పాడు. పెట్టెలో మాత్రం, వెనక మనిషి ఉండగానే 'కూత ఆపబడింది' అని నమోదై ఉంది. ఆపేది ఎవరు? బటన్ ఉన్నది డ్రైవరు ముందు. విసుగు పుట్టి నువ్వే ఆపేశావని తేల్చి, పనిలోంచి పక్కన పెట్టారు. విచారణ పూర్తయ్యాక తీసేయడం ఖాయమన్నారు. ఆ మచ్చ పడ్డాక చుట్టుపక్కల ఏ గనిలోనూ స్టీరింగు ఇవ్వరు. ఆ డ్రైవరు పేరు మస్తాన్. కడప మనిషి. మీసం నెరిసేదాకా బండే తోలాడు, వేరే పని తెలియదు.

పెట్టె మీద మా చిరునామా చూసుకుని వెతుక్కుంటూ మా షెడ్డుకే వచ్చాడు. మా మీద పోట్లాటకు వచ్చాడనుకున్నాం. ఆయన చెప్పులు బయట విడిచి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేను ఆపలేదమ్మా," అన్నాడు. "రివర్సులో రెండు చేతులూ స్టీరింగు మీదనే ఉంటాయి. అది కూస్తాంటే ఆగినా. కూత ఆగిపాయ. ఆగిందంటే ఎవురూ లేరనే గదా అర్థం? ఎనక్కి వచ్చినా."

చిన్నమ్మ కుర్చీ చూపించి కూర్చోమంది. "ఆ కూత ఎట్ల ఆగిందప్పా? ఒక్కసారే ఆగిందా, తెగి తెగి ఆగిందా?"

మస్తాన్ తల అడ్డంగా ఊపాడు. "తెల్దమ్మా. ఆ మనిషి అరుపు తప్ప నాకేమీ గుర్తులేదు."

ఆయన వెళ్లిపోయాక సురేంద్ర పెదవి విరిచాడు. సురేంద్ర మా పెట్టెలో మూలమైన కోడు రాసినవాడు, ఆదోని పిల్లోడు, నోరు తక్కువదేం కాదు. "డ్రైవర్లందరూ ఇట్లనే చెప్తారు చిన్నమ్మా. మన పెట్టె బల్ల మీద నెలలు నెలలు తప్పు లేకుండా పనిచేసింది గదా."

"అబద్ధం చెప్పేటోడైతే నేనడిగినదానికి ఏదో ఒకటి చెప్పును," అంది చిన్నమ్మ. "తెల్దన్నాడు. తెల్దు అనేటోని మాట నేను నమ్ముతా."

ఆ మాట మీదే పని మొదలైంది. ఇంకే ఆధారమూ లేదు. మిగతా పనులన్నీ పక్కన పెట్టించింది. పెట్టెను బల్ల మీద పెట్టి, దాని ముందు మనుషులు వచ్చి పోతున్నట్టు సెన్సరుకు చూపిస్తూ రోజంతా నడిపాం. తప్పు రాలేదు. లోపల ఏం జరుగుతోందో తెలియడానికి కోడులో అక్కడక్కడ 'ఇప్పుడు ఇక్కడున్నాను' అని చెప్పే వరసలు పెట్టాం. అప్పుడూ రాలేదు. రాదని చిన్నమ్మకు తెలుసు. ఆ వరస రాయడానికే యంత్రానికి కొంత సమయం పడుతుంది, ఆ కాస్త ఆలస్యంతో ఇద్దరి అడుగుల వరస మారిపోతుంది, సందు మూసుకుపోతుంది. "ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు బడి ఎట్లుంటాది? అట్లుండాది ఇది," అనేది.

ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక మస్తాన్ ఫోన్ చేసేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. "ఏమన్నా కనపడిందా అమ్మా?"

"లేదప్పా. ఉండాది గానీ కనపడలేదు."

"సరేమ్మా."

అంతే. ఆ "సరేమ్మా" విన్నాక ఆ రోజు చిన్నమ్మ అన్నం కూడా సరిగా తినేది కాదు. నాకు లోలోపల భయం పట్టుకుంది. లేనిదాన్ని వెతుకుతున్నామేమో, ఆ మనిషికి ఊరికే ఆశ పెడుతున్నామేమో అనిపించేది. ఆ మాట ఆమెతో అన్నాను కూడా. "నీకు యంత్రం మీద నమ్మకం శానా ఉండాది పాపా," అంది. నన్ను మెచ్చుకోవడం కాదది.

విచారణ దగ్గర పడింది. అప్పుడు చిన్నమ్మ కడప నుంచి రేష్మాను పిలిపించింది. రేష్మా కడపలో తన ఇంటినుంచే మా కోసం పనిచేసేది, సెన్సరు వైపు కోడంతా తనదే. సురేంద్ర, రేష్మా రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లే గానీ ఒక బల్ల దగ్గర కూర్చుని పనిచేసింది లేదు. రేష్మా మధ్యాహ్నానికి దిగింది. చిన్నమ్మ కంప్యూటర్లన్నీ కట్టేయమంది. ఫ్యాను కూడా.

ఉడకబెట్టిన బుడ్డలు ఒక గిన్నెలో, ఖాళీ స్టీలు పళ్లెం ఒకటి బల్ల మధ్యలో పెట్టింది. రేష్మా, "శనక్కాయలు తినేదానికా ఇంత దూరం రమ్మన్నారు?" అంది. "శనక్కాయలు కాదు, బుడ్డలు," అన్నాడు సురేంద్ర. "మీ ఊర్లో ఏమన్నా అనుకో, పొట్టు వలిస్తే ఒకటే," అంది తను. చిన్నమ్మ ఇద్దరినీ ఆగమని చెయ్యెత్తింది.

"ఈ పళ్లెం బండి ఎనక జాగా. ఒక్కో బుడ్డ ఒక్కో మనిషి. రేష్మా, నువ్వు సెన్సరు. మనిషి కనపడితే పళ్లెంలో బుడ్డ వెయ్యి. సురేంద్రా, నువ్వు పళ్లెం చూసి, ఖాళీగా ఉంటే కూత ఆపు. మీ కోడులో ఉండే వరసలు ఒక్కొక్కటే నోటితో చెప్పి చెయ్యండి. ఎవరి అడుగు ఎప్పుడో నేను చెప్తా."

ఒకే పళ్లెంలో ఇద్దరూ చేతులు పెట్టకుండా కోడులో తాళం ఉంటుంది. తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే పళ్లెం ముట్టుకోవాలి, పని కాగానే వదలాలి. ఈ పనిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి. వాళ్లు ఆట మొదలుపెట్టారు. "తాళం", "పళ్లెం", "బుడ్డ" అంటూ మాటలు చెప్పుకుంటూ పోయారు. అంతా సవ్యంగానే నడిచింది. మళ్లీ చేయమంది. మళ్లీ సవ్యమే. చిన్నమ్మ కళ్లు మూసుకుని వింటోంది. మూడోసారి మధ్యలో కళ్లు తెరిచి నాతో, "షట్టరు తాళం తేపో. మాటలతో వద్దు, నిజం తాళం పెట్టి ఆడండి," అంది.

నేను ఆ ఇనప తాళం తెచ్చి సురేంద్ర చేతికిచ్చాను.

మళ్లీ మొదలైంది. రేష్మా పళ్లెం అడిగింది. "తాళం తీసి పళ్లెం ఇస్తాండా," అన్నాడు సురేంద్ర. అంటూనే తాళాన్ని బల్ల మీద పెట్టేశాడు. పళ్లెం ఆమె వైపు జరిపాడు.

"తాళం తీసి ఇచ్చినాడు, ఇంగ నేను బుడ్డ వేస్తాండా," అంది రేష్మా.

"ఆగు," అంది చిన్నమ్మ. "తాళం యాడుండాది?"

"నాకాడే గదా. తీసి ఇచ్చినాడు గదా," అంటూ రేష్మా అరచెయ్యి చాపి చూసుకుంది. చేతిలో ఏమీ లేదు. తాళం బల్ల మీద ఉంది.

ఇద్దరూ అన్నది ఒకే మాట. సురేంద్రకు తాళం తీయడమంటే ఇంటి తలుపు తాళం తీసినట్టు, తెరిచి వదిలేయడం. రేష్మాకు తాళం తీయడమంటే చేతిలోకి తీసుకోవడం. 'తాళం వదిలేసి ఇస్తున్నాను, నువ్వు మళ్లీ పట్టుకుని ముట్టుకో' అని అతను ఫోన్లో చెప్పాడు. 'తాళం నీ పేరు మీద పట్టుకుని ఇస్తున్నాను, ధైర్యంగా ముట్టుకో, పళ్లెం తిరిగిచ్చినప్పుడు నేనే వదిలేస్తాను' అని ఆమె విన్నది. కోడులో రాసిపెట్టిన వివరణ కూడా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే: 'తాళం తీసి లిస్టు ఇస్తుంది.' బండి వెనక ఉన్నవాళ్ల లిస్టే ఇక్కడ పళ్లెం. మేమంతా దాన్ని చదివినవాళ్లమే. ఎవరికి తోచిన అర్థం వాళ్లు చదువుకుని ముందుకు పోయాం. ప్రపంచంలో ఇంకెక్కడా ఈ తప్పు జరగదు. తెలుగువాళ్లమే చేయగలం.

"ఆపొద్దు, ఆట కానీయండి," అంది చిన్నమ్మ. "సురేంద్రా, నీ అడుగు."

తాళం బల్ల మీద ఖాళీగా ఉంది కాబట్టి సురేంద్ర దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పళ్లెంలోకి చూశాడు. "ఖాళీ."

"రేష్మా."

రేష్మా పళ్లెంలో ఒక బుడ్డ వేసింది.

"సురేంద్రా."

"ఖాళీ అని చూసినా కాబట్టి కూత ఆపుతాండా," అన్నాడు. ఆ మాట అతని నోట్లోనే సన్నబడిపోయింది.

పళ్లెం మధ్యలో ఒకే ఒక్క బుడ్డ ఉంది. కూత ఆగిపోయింది. మేం నలుగురం దాన్నే చూస్తున్నాం. "ఆ బుడ్డ ఎవరో తెలుసునా?" అంది చిన్నమ్మ. ఆసుపత్రిలో కాలికి కట్టుతో పడుకున్న ఆ కూలీ పేరు మాకందరికీ తెలుసు.

తర్వాత ఇద్దరూ వాదించుకున్నారు. "తాళం తీసినాడంటే తలుపు తెరిచినట్టు గదా, ఎవురన్నా అంతే అంటారు," అని సురేంద్ర. "మా ఇంట్లో తాళం తీసి సంచిలో వేసుకో అంటారు, అట్లంటే తెరిచినట్టా?" అని రేష్మా. చిన్నమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి. కొంగుతో తుడుచుకుని, "నేనూ చదివినా గదరా ఆ మాట. చదివి ఊఁ అన్నా," అంది. ఆ తర్వాత నవ్వలేదు.

దొరికింది కదా అని ఆమె ఊరుకోలేదు. బుడ్డలతో దొరికింది పెట్టెలో కూడా దొరకాలి. అందరూ ఇలాంటి తప్పు కోసం యంత్రాన్ని ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువసార్లు తిప్పుతారు. ఆమె తిరగేసి చేసింది. సురేంద్ర కోడులో చూడ్డానికీ ఆపడానికీ మధ్య కావాలనే ఒక ఆలస్యం పెట్టించింది. "సందు సన్నగా ఉంటే దాంట్లో పడేదానికి అదృష్టం కావల్ల. వీధంత ఎడల్పు చెయ్యి, ఎవడైనా పడ్తాడు." పెట్టెను వెలిగించి, సెన్సరు ముందు నన్ను నిలబడమంది. నిలబడ్డాను. పెట్టె ఒక్క కూత కూసి మూగబోయింది. పక్కకు వెళ్లి మళ్లీ వచ్చాను. మళ్లీ మూగబోయింది. ఎవరూ బటన్ దగ్గరకు పోలేదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను, నేను లేనని ఆ పెట్టె చెబుతోంది. 'కూత ఆపబడింది' అని అదే నమోదు. ఇన్నాళ్లూ ఆ మూగతనాన్ని నమ్మి మనుషులు బండ్లు తోలారు.

కోడు సరిచేయడం చిన్న పని, మూడు ముక్కలు మారిస్తే చాలు. అప్పుడు సురేంద్ర, తన తప్పు బయటపడుతుందని కాదు, కంపెనీ ఏమవుతుందోనన్న భయంతో, "మెల్లగా కొత్త కోడు పంపించేస్తే పోదా చిన్నమ్మా? పెట్టె బాగైపోతాది గదా," అన్నాడు.

"పెట్టె బాగైతాదప్పా. ఆ మనిషి పేరు ఎవరు బాగుచేస్తారు?"

మరుసటి రోజే మంగంపేట బయల్దేరాం. గుత్తేదారును, సూపర్‌వైజరును, అక్కడ పనిచేసే డ్రైవర్లందరినీ రమ్మంది. మస్తాన్‌ను కూడా పిలిపించింది. ఇంజను కట్టేసిన బండిలో, ఆలస్యం పెట్టిన మా పెట్టెనే బిగించి, తానే బండి వెనక నిలబడింది. ముగ్గురాయి దుమ్ములో, తెల్లచీర కట్టుకుని, నిటారుగా. పెట్టె ఒకసారి కూసి ఆగిపోయింది. డ్రైవరు సీటు ఖాళీగా ఉండడం అందరూ చూశారు. "చూస్తిరి గదా. కూత ఆపింది ఈ అన్న కాదు," అంది అందరూ వినేట్టు. "ఆపింది మేము. మా మాటలో తేడా వచ్చింది. తప్పు మాది."

గుత్తేదారు మా మీద కేకలేశాడు. వేయాల్సిందే. పెట్టెలన్నీ వెనక్కి పంపాడు, అవి మళ్లీ వెళ్లడానికి చాలా కాలం పట్టింది. చిన్నమ్మ అన్నీ నిలబడి వింది. కేకలయ్యాక, "ఆ అన్నను పనిలోకి తీసుకుంటాండారు గదా?" అని మాత్రం అడిగింది. తీసుకుంటామన్నాడు. అక్కడినుంచి నేరుగా కాలు విరిగిన కూలీ దగ్గరికి పోయింది. లోపల ఏం మాట్లాడిందో నాకు తెలియదు. నన్ను బయటే ఉండమంది.

మస్తాన్ తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. "నువ్వు తెల్దు అన్యావు చూడు, అందుకే దొరికిందప్పా," అంది చిన్నమ్మ ఆయనతో.

ఆ తర్వాత మా ఆఫీసులో 'తాళం తీయడం' అన్న మాట నిషేధం. పట్టు, విడుపు. ఈ రెండు మాటలే వాడాలి. "పట్టూ విడుపూ ఉండల్ల" అని పెద్దవాళ్లు సంసారాల గురించి చెప్పే మాటను ఆమె కోడులోకి తెచ్చి పెట్టింది. ఈ రోజుకీ మా కోడు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో పట్టు, విడుపు కనబడతాయి. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. నవ్వు అయ్యాక వాళ్లకు ఈ కథ చెబుతాం.

నేను చాలామంది తెలివైనవాళ్లను చూశాను. యంత్రం లోపల ఏం జరుగుతోందో చదివి చెప్పగలవాళ్లున్నారు. ఇద్దరు మనుషులు ఒకే మాట అంటుంటే, ఆ మాట మధ్య ఉన్న సందు వినగలిగిన మనిషిని మాత్రం ఒక్కర్తెనే చూశాను. మూడోసారి ఆటలో ఆమెకు ఏం వినబడిందని తర్వాత చాలాసార్లు అడిగాను. "సురేంద్ర ఆ మాట అన్నప్పుడు చేతులు ఒదులు చేసినాడు. ఆ పిల్ల అదే మాట అన్నప్పుడు పిడికిలి బిగించింది. కండ్లు మూసుకునే ముందర చూసినా," అంది ఒకసారి. నేను కూడా అదే గదిలో కళ్లు తెరుచుకునే ఉన్నాను. నాకు కనబడలేదు. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ ప్రేమకంటే ముందు ఆశ్చర్యమే కలుగుతుంది, ఇలాంటి మనిషి మా ఇంట్లో పుట్టిందా అని.

కోడుమూరులో చిన్నమ్మ అంత్యక్రియల ఆరాధన ముగిసేసరికి ఎండ దిగింది. చర్చి నుంచి సమాధుల తోటకు వెళ్లే సందులో బండి తిప్పుకోవడానికి జాగా ఉండదు. చిన్నమ్మ ఉన్న పెట్టెను మోసే వ్యాను వెనక్కి వెనక్కి పోవాల్సిందే. రెండు పక్కలా రాతిగోడలు, వెనకంతా జనం. వ్యాను తోలే అతను రెండుసార్లు ప్రయత్నించి గోడకు రాసుకుని, చెమటలు కక్కుతూ ఆపేశాడు. జనం గుసగుసలాడుతున్నారు. ఎప్పుడొచ్చాడో, ఎవరు చెప్పారో తెలియదు, గుంపులోంచి మస్తాన్ ముందుకొచ్చాడు. మీసం పూర్తిగా తెల్లబడింది.

"దిగప్పా. నేను తీసుకొస్తా," అన్నాడు.

ఎక్కి కూర్చుని, అద్దం దించి, తల బయటికి పెట్టి మావైపు తిరిగి చూశాడు. ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. బండిని కదిలించాడు. పెట్టె మీద పూలు కూడా జరగనంత మెల్లగా వస్తోంది. ఎవరో పెద్దాయన "పక్కకు జరగండమ్మా" అన్నాడు. రేష్మా నా చెయ్యి పట్టుకుంది, సురేంద్ర నాకు ఇంకో పక్కన నిలబడ్డాడు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా చిన్నమ్మ మావైపే వస్తోంది. మేమూ ఆమెవైపే ముఖాలు పెట్టుకుని వెనక్కి వెనక్కి అడుగులు వేస్తున్నాం. ఆ సందు చివరిదాకా ఒక్కరమూ పక్కకు జరగలేదు.